పదమూడు పట్టీలు

మా కొండల్లో అక్టోబరు వస్తే అందరి కళ్లూ నేలమీదే ఉంటాయి. గొంగళిపురుగు ఒంటిమీద పదమూడు పట్టీలు, చలికాలానికి పదమూడు వారాలు. నల్లపట్టీ అయితే ఆ వారం మంచు, ఇటుకరంగైతే తెరిపి. మా ఇంట్లో పురుగును చూసి చెప్పే పని నా భర్త ఆర్విల్‌ది. తలవైపు నుంచి లెక్కపెట్టి, మాంసం పొగబెట్టే కొట్టం తలుపుమీద పెన్సిలుతో రాసేవాడు. నాకప్పుడు చదువు రాదు. ఏం రాశావని అడిగితే, "ఈసారి మెత్తని చలేలే ఓవీ, భయపడకు" అనేవాడు. ఆ వెంటనే కట్టెలు చూరుదాకా పేర్చేవాడు.

"మెత్తని చలికి ఇన్నెందుకయ్యా?"

"చేతులు ఊరుకోవే."

ఈ ఏప్రిల్‌లో అతన్ని ఇంటి వెనక మిట్టమీద పాతిపెట్టాం. పొద్దున్నే కాఫీ పట్టుకుని అక్కడిదాకా నడిచి, కాసేపు మాట్లాడి వస్తాను. మంచు పడితే దారి మూసుకుపోతుందని, చలికాలం పట్నంలో తన దగ్గరుండమని ఆడపడుచు వెర్లీ పట్టుబట్టింది. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. పురుగు నలుపైతే వెళ్లాలి, ఇటుకరంగైతే ఉండొచ్చు.

గురువారం గేటు పక్కన పురుగు దొరికింది. ఒక్క పట్టీ తప్ప అంతా నలుపే. దాన్ని దోసిట్లో పెట్టుకుని కొట్టం దగ్గరికి వెళ్లాను. వేసవిలో చర్చిలో అక్షరాలు నేర్చుకున్నా, ఆ తలుపు ముందు నిలబడే ధైర్యం అంతవరకు రాలేదు. కూడబలుక్కుంటూ చదివాను.

"పదకొండు నలుపు. ఓవీకి చెప్పలేదు." కింద మరో ఏడాది. "తొమ్మిది నలుపు. మెత్తనని చెప్పాను."

ఆ పదకొండు నలుపుల ఏడాది నడుముదాకా మంచు పడింది. పురుగు ఉత్త అబద్ధాలకోరని నేను తిడుతుంటే, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "పాపం, దాని తప్పేముందిలే" అన్నాడు.

కింద నేను రాశాను, "పన్నెండు నలుపు." పురుగును ఆకుల్లో వదిలి కట్టెల పనిలో పడ్డాను.

ఆదివారం వెర్లీ వచ్చేసరికి పేర్పు కిటికీ దాటింది.

"ఏమంది వదినా నీ పురుగు?"

"ఇటుకరంగే."

"ఏదీ, చూపించు."

"ఆకుల్లోకి పోయింది."

వెర్లీ కట్టెలవైపు చూసింది. "మెత్తని చలికి ఇన్నెందుకో?"

"చేతులు ఊరుకోవు."

ఆమె మిట్టవైపు తిరిగింది. తర్వాత కోటు విప్పి గేటుకు తగిలించింది.

"పెద్దవి ఇటియ్యి. నీ నడుం సంగతి నాకు తెలీదా?"

పొద్దు వాలేదాకా పేర్చాం. చూరు కింది ఆఖరి వరస ఇద్దరిలో ఎవరికీ అందలేదు. ఆర్విల్‌కి పీట లేకుండానే అందేది.