స్కేలు కింద వదిన

నాకేం కుళ్ళు లేదు, ఉన్నమాట చెబుతున్నాను. మా తోడికోడలికి నాటకాలు రాయడం వచ్చిందంటే అది నా చలవే. నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని రేడియోకి సంభాషణలు రాసుకుంటుంటే, పక్కన కూరలు తరుగుతూ వినేది. అలాంటిది, ఆదివారం సీరియల్ రాసే అవకాశం ఒక్కటి ఖాళీ అయ్యేసరికి నాకే పోటీకి దిగింది.

రేడియో స్టేషన్‌లో ప్రొడ్యూసరు గారికి ఒక అలవాటుంది. స్క్రిప్టులో పాత్రల పేర్లు కనబడకుండా స్కేలు అడ్డం పెట్టి, మాటలు మాత్రం పైకి చదువుతారు. మాట్లాడేదెవరో వినేవాళ్ళు పోల్చుకోవాలి.

ముందు నాది చదివారు. డాక్టరు, పాలు పోసే ఆవిడ, ఆరేళ్ళ మనవడు. ఎదురుగా ఉన్న అనౌన్సర్లు ఒక్కరినీ పోల్చలేకపోయారు. అందరిదీ ఒకటే నోరులా ఉందన్నారాయన. నా మొహం మాడిపోయింది.

తర్వాత ఆమెది. తాతగారు మాట మధ్యలో కళ్ళజోడు వెతుక్కుంటారు. టైలరు ఏమడిగినా రేపే అంటాడు. అనౌన్సర్లు టకటకా చెప్పేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో స్క్రిప్టులోకి ఒక వదిన వచ్చింది.

"నాకేం కుళ్ళు లేదమ్మా, ఉన్నమాట చెబుతున్నాను. ఆ రంగు నీకు నప్పలేదు. నాకైతే నప్పేది."

అందరూ గొల్లున నవ్వారు. తోడికోడలు మాత్రం తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. ఈ వదినకి పేరే అక్కర్లేదన్నారు ప్రొడ్యూసరు గారు. సీరియల్ చేజారిపోతోందని అర్థమై ఇక ఉండబట్టలేకపోయాను.

"అంతా బాగుంది గానీ, ఆ వదిన మాటలే మరీ కృతకంగా ఉన్నాయండీ. లోకంలో అలా ఎవరు మాట్లాడతారు? నాకేం కుళ్ళు లేదు, ఉన్నమాట చెబుతున్నాను."

ఎవరూ నవ్వలేదు. ఒక అనౌన్సరు కిటికీ వైపు తిరిగింది. ప్రొడ్యూసరు గారు మెల్లగా స్కేలు పక్కన పెట్టారు.

"నువ్వు రాసేవి కాదక్కా," అంది తోడికోడలు చిన్నగా, "నువ్వు మాట్లాడేవి విని నేర్చుకున్నాను."

ఇన్నేళ్ళూ నా పాత్రలన్నిటికీ నా నోరే అరువిచ్చాను, ఒక్కటీ బతకలేదు. ఆమె నన్నొక్కదాన్ని రాసి సీరియల్ పట్టుకుపోయింది. అదీ నా మంట.

ఆదివారాలు మా ఇంట్లో రేడియో పెట్టనివ్వను. పక్కింట్లోంచి ఆ వదిన గొంతు వినబడితే మాత్రం స్టవ్ తగ్గించి వింటాను. ఎవరో కొత్త నటి, ఆ మాటలు పలకడమే రాదు. నేనైతే ఇంకా బాగా పలికేదాన్ని.