పద్నాలుగో ప్రశ్న

"మావాడు పొద్దున్నించీ ముటముటలాడుతున్నాడు. ఇంకో ఆర్నెల్లు చదువుతానన్నావట?" ఆరిన దుప్పటి ఒక కొస నా చేతికిస్తూ అడిగింది మా అత్తయ్య.

చదువుతానని అనలేదు, చదవాల్సి రావచ్చన్నాను. ఆ రెంటికీ తేడా చెప్పాలంటే మొత్తం కథంతా చెప్పాలి. కొసలు కలిపి దుప్పటి మడతపెట్టి, దిండు గలీబులు వెతకడం మొదలుపెట్టాను.

నేను బడి టీచర్ని. ఏడో తరగతి ఆడపిల్లల పేర్ల ఎదురుగా ఇరవై ఏళ్లు ఆబ్సెంటు వేసి వేసి విసుగెత్తి, వీళ్లసలు ఎందుకు మానేస్తున్నారో అంకెలతోనే తేల్చాలని, నలభై రెండేళ్ల వయసులో సెలవు పెట్టి విద్యా విధానాల మీద ఎం.ఏ.లో చేరాను. ఆరోజు నుంచీ మా ఆయన నన్ను 'లెక్కలావిడ' అంటారు. మూడువందల పన్నెండు ఇళ్లు తిరిగి ఫారాలు నింపుకొచ్చాను. అందులో పద్నాలుగో ప్రశ్న: తల్లి రోజుకు ఎన్ని గంటలు పని చేస్తుంది? ఉద్యోగాలున్నవాళ్లు ఎనిమిదనో తొమ్మిదనో చెప్పారు. మిగిలినవాళ్లు "నేనేం పని చేస్తానండీ" అని నవ్వేశారు. నేనూ వాళ్లతోపాటు నవ్వి పదిహేనో ప్రశ్నకి వెళ్లిపోయాను. అలా నూట ముప్పై ఒక్క ఫారాల్లో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఒక ఆదివారం గిన్నెలు నానబెట్టి వచ్చి, అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, ఖాళీ కనిపించిన చోటల్లా చకచకా సున్నా కొట్టేశాను.

లెక్క వేస్తే, తల్లి పనికీ కూతురి హాజరుకీ సంబంధమే లేదని తేలింది. నాకు పరిశోధన నేర్పే మేడమ్ ఆ పట్టిక చూసి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఈ నూట ముప్పై ఒక్కమందీ రోజు మొత్తమ్మీద ఒక్క గ్లాసైనా కడగరా? జవాబు లేదంటే మనకు తెలియదని అర్థం. సున్నా అంటే పని లేదని తెలుసని అర్థం. మీరు వాళ్లని అడగనే లేదు, తీర్పు చెప్పేశారు" అన్నారు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సెలవు పెట్టిన కొత్తలో ఆయన ఎవరో స్నేహితుడితో ఫోన్లో "మా ఆవిడా? ఇప్పుడు ఇంట్లో ఊరికే ఉంటోందిరా" అన్నారు. అప్పుడు నేను ఒక చేత్తో కూరగాయలు తరుగుతూ, రెండో చేత్తో పుస్తకం పేజీ తిప్పుతున్నాను. ఆ 'ఊరికే' అన్న మాటకి ఎన్ని రోజులు కుమిలిపోయానో నాకే తెలుసు. అదే మాటని అంకెగా మార్చి, నాలాంటి నూట ముప్పై ఒక్కమంది పేర్ల ఎదురుగా నా చేత్తోనే వేశాను. చెయ్యి కాస్త తడబడనైనా లేదు.

మేడమ్ రెండు దారులు చూపించారు. ఆ ఫారాలు తీసేసి, తీసేశానని ఒక వాక్యం రాసి, నెలాఖరుకి థీసిస్ ఇచ్చేయడం ఒకటి. లేదా ఆ ఇళ్లన్నిటికీ మళ్లీ వెళ్లి, సరిగ్గా అడిగి, ఇంకో సెమిస్టర్ ఉండడం. సెలవు అయిపోవచ్చింది కాబట్టి తిరగడానికి ఆదివారాలే దిక్కు. నిన్న ఆయనకు చెబితే, "తీసేస్తే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం? ఆదివారాలు కూడా నువ్వు తిరుగుతుంటే ఇల్లేం కావాలి?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నా పరీక్షలప్పుడు అడక్కుండానే టీ పెట్టి ఇచ్చిన మనిషి. ఇల్లేం కావాలి అన్న ప్రశ్న ఇంతవరకు ఆయన్ని ఎవరూ అడగలేదు, అంతే.

ఇదంతా అత్తయ్యకు చెప్పేసరికి బట్టల కుప్ప సగమైంది.

"ఆ ప్రశ్నేదో నన్నడుగు చూద్దాం" అంది.

"మీరు రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు?"

"నేనేం చేస్తానే, మోకాళ్లు పట్టుకుని కూర్చోడం తప్ప!"

నూట ముప్పై రెండో నవ్వు. ఈసారి నేను నవ్వలేదు.

"పోనీ, నిన్న లేవగానే ఏం చేశారు?"

పాలు కాచింది. మొక్కలకి నీళ్లు పోసింది. కూర్చునే కూరలు తరిగింది, బియ్యం ఏరింది, చొక్కాలకు బొత్తాలు కుట్టింది. చెబుతూపోతే ఆవిడకే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. నేను ఒక ఖాళీ ఫారం తెచ్చి, దాని వెనక రాసుకుని మొత్తం కూడాను.

"ఏడు గంటల నలభై నిమిషాలు."

"సరిగ్గా కూడావా? మళ్లీ కూడు."

మళ్లీ కూడాను. అంతే వచ్చింది. అత్తయ్య చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఆవిడకి డెబ్భై ఒకటి.

"ఏడో తరగతిలో ఉండగా మా తమ్ముడు పుట్టాడు" అంది. "నాలుగు రోజులు బడి మానమంది అమ్మ. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదమ్మాయ్."

ఆ మాట అంటూ నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కళ్లు తుడుచుకున్న తడి చేతులతోనే ఫోన్ తీసి మేడమ్‌కి రాశాను: 'ఫారాలు తీసెయ్యను. మళ్లీ వెళతాను. ఈసారి నిన్నటి రోజు గురించి అడుగుతాను.'

"నా కాగితం కూడా వాటిల్లో కలుపుతావా?" అడిగింది అత్తయ్య.

"కుదరదత్తయ్యా. ఇంట్లో బడికెళ్లే ఆడపిల్ల ఉన్నవాళ్లవే తీసుకోవాలి."

"మరి నువ్వున్నావుగా" అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "ఊఁ, తర్వాత ప్రశ్నేమిటి?"

ఫారం ముందువైపుకి తిప్పి అడిగాను. "పోయిన నెలలో మీ అమ్మాయి ఎన్ని రోజులు క్లాసులు మానేసింది?"

అత్తయ్య వేళ్లు మడిచింది. "నా మోకాళ్ల కోసం నాలుగు. చుట్టాలొచ్చారని మూడు. వాడికి జలుబు చేసిందని రెండు. తొమ్మిది."

రాసుకున్నాను. ఆవిడ తువ్వాలు మడత ముగించి పక్కన పెట్టింది.

"ఆదివారాల సంగతి వాడితో నేను మాట్లాడతాను. వచ్చే నెలది కూడా ఇప్పుడే రాసేసుకో" అంది. "సున్నా."