సాక్షి భార్య

గడియారాలు బాగుచేసే ఆయన ఇంట్లో మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మనిషి ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూనే కథ మొదలుపెట్టాడు. బస్సు కిటకిటలాడుతోందట. డ్యూటీ దిగి వస్తున్న ఒక నర్సు వెనకాల టై కట్టుకున్న పెద్దమనిషి నిలబడ్డాడట. సందు దొరికినప్పుడల్లా ఆమె నడుం మీద చెయ్యి వేస్తున్నాడట. ఆమె గిర్రున తిరిగి వాడి మణికట్టు పట్టుకుని, బస్సు పోలీస్ స్టేషన్ దగ్గర ఆపమందట. వాడు "నేనేం చేశాను? ఎవరైనా చూశారా?" అని ఎదురు తిరిగాడట. బస్సులో అందరూ ఫోన్లలో తలలు దూర్చేశారట.

"నేను చూశానన్నాను" అన్నాడాయన, అది తనకే నమ్మశక్యం కానట్టు.

ఆయన భార్య ఇంటి పక్కనే ఇస్త్రీ కొట్టు నడుపుతుంది. ఆవిడ మంచినీళ్ళు ఇస్తూ, "మంచి పని చేశారు" అంది. అనగానే గుండెలో ఎక్కడో సూది గుచ్చుకుంది.

ఆమెకు పాత సంగతి ఒకటి ఉంది. పెళ్ళైన కొత్తలో కూరగాయల మార్కెట్లో ఒకడు ఇలాగే చెయ్యి వేశాడు. వాడిని చూపించి మొగుడికి చెప్పింది. ఆయన అటూ ఇటూ చూసి, "పోనీలే, పద. నలుగురూ చూస్తున్నారు" అని ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ "పోనీలే" ఈనాటికీ పోలేదు.

కేసు నడవడం మొదలైంది. నర్సు ఫోన్ చేసి వాయిదా ఎప్పుడో చెప్పేది. ఆయన అద్దం ముందు నిలబడి దువ్వుకునేవాడు. తన పెళ్ళిరోజు కూడా గుర్తుండని మనిషికి ఆ తేదీలన్నీ కంఠతా వచ్చేశాయి. పైగా అన్నం తింటూ చట్టం పాఠాలు.

"చెయ్యే వెయ్యక్కర్లేదట. వెంటపడినా, దారిలో పాడు మాటన్నా నేరమేనట. ఏ స్టేషన్‌కి వెళ్ళినా ఫిర్యాదు రాసుకోవాల్సిందేనట."

"ఎవరు చెప్పారు?"

"ఆ అమ్మాయే."

"ఆహా! మీ నోరు తెరవడానికి ఏ తాళంచెవి సరిపోతుందో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు."

మర్నాడు ఆయన కోర్టుకి వేసుకునే చొక్కా చేతికి ఆవిడ కావాలనే రెండు మడతలు పడేలా ఇస్త్రీ చేసింది. ఊరందరి బట్టలూ అద్దంలా చేసే చెయ్యి అది. ఆయన గమనించనేలేదు. దాంతో కడుపుమంట ఇంకాస్త పెరిగింది.

సాక్ష్యం చెప్పే రోజు ఆవిడ కొట్టుకి తాళం వేసి, ఆయన వెనకే ఇంకో బస్సెక్కింది. ఆ నర్సు ఎంత అందగత్తో కళ్ళారా చూడాలనుకుంది. కోర్టు గదిలో చివరి బెంచీ మీద, ఒక లావుపాటాయన వెనక ఒదిగి కూర్చుంది.

నర్సు అందగత్తె ఏమీ కాదు. మడమ అరిగిన బూట్లు, నిద్ర లేని కళ్ళు. పక్కన తన మనిషంటూ ఒక్కరూ లేరు. అయినా ఆవిడకు జాలి కలగలేదు. 'నాకు లేని ధైర్యం దీనికెక్కడిది?' అనే దుగ్ధే ముందొచ్చింది.

టై పెద్దమనిషి తరఫు లాయరు గడియారాలాయన దగ్గరికి వచ్చాడు.

"ఈవిడతో మీకు ఎన్నాళ్ళ పరిచయం? తరచూ ఫోన్లో మాట్లాడుకుంటారటగా? మీ భార్యకు తెలుసా?"

ఇన్నాళ్ళూ పక్క మీద దొర్లుతూ ఇస్త్రీ కొట్టావిడ అనుకున్న మాటలే అవి. ఆ నోట్లోంచి వచ్చేసరికి మురిగిన నీళ్ళలా కంపు కొట్టాయి.

"అమ్మాయి నడవడిక మీద బురద చల్లే ప్రశ్నలు ఇక్కడ కుదరవు" అంది జడ్జి. "మీరు జవాబు చెప్పక్కర్లేదు."

"చెప్తానండీ" అన్నాడు గడియారాలాయన. "నా భార్యకు తెలుసు. కోపంగానే ఉంది. ఒకప్పుడు మార్కెట్లో ఆమెకీ ఇలాగే జరిగితే నేను భయపడి నోరు మూసుకున్నాను. ఇప్పుడు పరాయి పిల్ల కోసం నోరు తెరిచాను. ఎవరికైనా మండదా? అయినా నేను చూసింది చూడలేదని ఎలా అంటాను?"

చివరి బెంచీ మీద ఆవిడకు కన్నీళ్ళు వచ్చాయి, వెనకే ఒళ్ళుమండే కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళుగా తను ఎదురుచూసిన మాట అది. తనకు కాక, నల్లకోటు వాళ్ళకు దక్కింది!

బయట వసారాలో ఆమెను చూసి ఆయన కొయ్యబారిపోయాడు. నర్సు దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది. "మీరేనా అక్కా? మీ ఆయన లేకపోతే నా మాట ఎవరూ నమ్మేవాళ్ళు కాదు."

"నువ్వంటే నాకు కుళ్ళుగా ఉందమ్మాయ్" అంది ఇస్త్రీ కొట్టావిడ, కుండ బద్దలు కొట్టినట్టు.

నర్సు పట్టుకున్న చేతులు వదల్లేదు. "ఉండనివ్వండి. కానీ తీర్పు రోజు వస్తారా? మా అమ్మ రానంది. పరువు పోతుందట."

తీర్పు రోజు ఆవిడ వెళ్ళింది. ఈసారి చివరి బెంచీ మీద కాదు, నర్సు పక్కన కూర్చుంది. టై పెద్దమనిషికి జైలు శిక్ష పడింది. నర్సు ఏడుస్తుంటే ఆవిడ వీపు నిమిరింది. నిమురుతూనే, 'నా మీద చెయ్యి వేసినవాడు మాత్రం ఏ మార్కెట్లోనో హాయిగా తిరుగుతున్నాడు' అనుకుంది. మంట చల్లారలేదు గానీ, ఎవరి మీద మండాలో దానికి ఇప్పుడు తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మొగుడు పక్కన కూర్చున్నాడు.

"జడ్జి గారికి చెప్పారే, మార్కెట్లో భయపడ్డానన్న మాట. అది నాకు చెప్పండి."

"ఇక్కడా? నలుగురూ..."

"ఆ నలుగురి కోసమేగా ఆరోజు మానేశారు. చెప్పండి."

ఆయన చెప్పాడు. ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి చూసింది.

"కాస్త గట్టిగా" అంది ఇస్త్రీ కొట్టావిడ.