దావీదు స్టాండు

జ్యోతి కోపమొస్తే లొల్లి పెట్టే రకం కాదు. లొల్లి పెట్టేటోళ్ల కోపం లొల్లితోనే పోతది. ఈమెది నెలలకు నెలలు నివురు కింద నిప్పు లెక్క ఉంటది, పైకి ఏం కనబడది. ఆమె పదకొండేండ్ల సంది రాంప్రసాద్ సేటు కవర్ల ఫ్యాక్టరీల కటింగ్ మిషన్ నడుపుతాంది. ఇన్నేండ్లల్ల ఆమె మొఖం దిక్కు ఒక్కసారన్న సరిగ్గ చూసి ఉంటే సేటు ఆ రోజు ఆమె తండ్రిని అంత మాట అనకపోవు. చూడలే. అదే ఆయన ఖర్మ.

మడికొండ దిక్కు రోడ్డు మీదనే ఉంటది ఫ్యాక్టరీ. సన్న కవర్లు బంద్ అయినంక మందం కవర్లే చేస్తాండ్రు అక్కడ, రెండు చెవులుండి చేతికి తగిలించుకునేటియి. గొట్టం లెక్క వచ్చిన ప్లాస్టిక్‌ను వందకొక కట్ట చేసి, బ్లేడు దించి చెవుల కోత కోసుడు జ్యోతి పని.

ఆమె తండ్రి దావీదు లేబర్ కాలనీల వెల్డింగ్ షెడ్డు నడిపేటోడు. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు. నోట్లె నాలుక లేని మనిషి. చర్చిల పాట సుత చిన్నగనే పాడుతడు. తల్లి మార్తమ్మ సుబేదారిల రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముతది. ఇద్దరి మాటలూ ఆమెకే ఇచ్చిండు దేవుడు.

రెండేండ్ల కింద మార్తమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మనిషి లేచి మల్ల బండి కాడికి పోయింది గని ఒక్క చేత్తోటి కవరు నోరు ఎట్ల తెరుస్తరు? మీరే చెప్పున్రి. పండ్లతోటి పట్టి తెరిచేది. ఒకనాడు ఒక పెద్దింటామె "ఛీ, ఎంగిలి కవర్ల పోస్తవా" అని తీసుకున్న బెండకాయలు అక్కడ్నే కుమ్మరించి పోయింది. మార్తమ్మ ఇంటికొచ్చి ఆమె నడకను చేసి చూపెట్టి నవ్వించింది. దావీదు నవ్వలే. పళ్లెం ముందట్నుంచి లేచి షెడ్డుకు పోయి ఒక కడ్డీ వంచుడు షురూ చేసిండు.

మూడు నెలలు వంచిండు. జ్యోతి ఫ్యాక్టరీల పనికిరాని కట్టలు తెచ్చేది, ఆయన కడ్డీలకు తగిలించేటోడు. చెవులకు రెండు కడ్డీలు, నడిమిట్ల ఒక కొక్కెం. అంత బాగనే ఉన్నది గని ఒకటి గుంజితే రెండు వచ్చుడు, లేకపోతె వచ్చిన కవరు వచ్చి వెనుకది మూతి ముడుచుకొని ఉండుడు.

ఒకనాడు మిషన్ మీద బ్లేడు మొండిగైంది. కట్ట సరిగ్గ తెగక కవర్లు ఒకదానికొకటి అతుక్కున్నయని సేటు జ్యోతిని కండ్లు లేవా అని తిట్టిండు. ఆ ఖరాబైన కట్టనే ఇంటికి తెచ్చింది. దావీదు స్టాండుకు తగిలిస్తే మార్తమ్మ కుడి చేత్తోటి ఒకటి గుంజింది. అది రావుడు రావుడే వెనుకది పెద్దగ నోరు తెరిచి నిలబడ్డది.

"ఓ దేవా! అడగకముందుకే నోరు తెరిచింది, మా ఆడిబిడ్డ లెక్కనే!" అన్నది మార్తమ్మ.

ఆ రాత్రి దావీదు కట్టను దీపం కాడ పెట్టి చూసి చూసి అసలు సంగతి పట్టిండు. పదునున్న బ్లేడు సాఫ్‌గ కోసి విడదీస్తది. మొండి బ్లేడు కొయ్యంగనే అంచును జర అదుముతది. ఆ అదిమిన కాడ కవర్లు కొద్దిగ అంటుకుంటయి. ముందుది పోతాంటె దాని వీపు వెనుకదాని నోరును పట్టుకొని గుంజుతది, తెరిచినంక విడిచిపెడ్తది. ఎక్కువ మొండిగైతే చినుగుతది, తక్కువైతే అంటుకోనే అంటుకోదు. జ్యోతి తన మిషన్ బ్లేడు నడిమి భాగాన్ని గరుకు రాయి మీద ఏడుసార్లు రుద్దితే సరిగ్గ కుదిరింది. స్టాండు సగమే. మిగిలిన సగం బ్లేడుల ఉన్నది. ఈ సంగతి ఆ ఇంట్లోళ్లకే ఎరుక.

జ్యోతే స్టాండును మోసుకపోయి సేటుకు చూపెట్టింది. అది ఆమె చేసిన తప్పు, ఇప్పటికీ ఆమె నెత్తి ఆమె కొట్టుకుంటది. సేటు పది కవర్లు గుంజి, చిన్నపిల్లగాని లెక్క నవ్వి, "రెండు రోజులు ఉండనియ్ ఇక్కడ" అన్నడు. రెండు రోజులు ఆరు నెలలైంది. ఒకనాడు పేపర్ల ఫోటో వచ్చింది. స్టాండు పక్కన సేటు, మెడల శాలువ. ఒక్క చేత్తో కవరు తీసే స్టాండును సొంత ఆలోచనతో తయారు చేసిన వరంగల్ పారిశ్రామికవేత్త అట! డిజైన్ ఆయన పేరు మీదనే రిజిస్టర్‌కు పెట్టిండు. ఫ్యాక్టరీకి కొత్త స్టాండ్లు దిగినయి, ఒక్కొక్కదానికి ఇత్తడి పలక, పలక మీద రాంప్రసాద్ పేరు.

దావీదు ఆదివారం చర్చికి తొడుక్కునే అంగీ తొడుక్కొని ఫ్యాక్టరీకి పోయిండు. పైసల కోసం పోలే. పలక మీద కింద చిన్నగనన్న తన పేరు పెట్టుమందామని పోయిండు. ఆఫీసు అద్దాల రూముల సేటు నలుగురు చుట్టాలతోటి బిర్యానీ తింటాండు. జ్యోతి మిషన్ కాన్నుంచి అంత చూస్తనే ఉన్నది, తలుపు తెరిచే ఉండె కాబట్టి అంత విన్నది.

"కడ్డీ వంచినోడల్ల ఇంజనీర్ అయితే లేబర్ కాలనీ అంత ఇంజనీర్లే ఉందురు గదనె దావీదూ!" అన్నడు సేటు. చుట్టాలు నవ్విండ్రు. "సరే, వచ్చినవ్ గద, ఉత్తగ ఎందుకు పోతవ్. గా స్టాండుకెళ్లి ఒక కవరు గుంజుకొని మిగిలిన బిర్యానీ ఏసుకపో."

దావీదుకు ఏం చెయ్యాల్నో తెల్వలే. పెద్దమనిషి చెప్పిండు గదా అని కవరు గుంజిండు. వెనుకది నోరు తెరిచింది. చుట్టాలు చప్పట్లు కొట్టిండ్రు. ఖాళీ కవరు పట్టుకొని, బిర్యానీ దిక్కు చూడకుంట, బిడ్డ దిక్కు సుత చూడకుంట బయటికి నడిచిండు.

ఆనాటి సంది షెడ్డు షట్టర్ లేవలే. నాలుగు నెలలు. గేటు చేయించుకుంటమని వచ్చినోళ్లను మార్తమ్మ ఏదో ఒకటి చెప్పి పంపేది. ఆయన మంచంల కూసొని చేతుల దిక్కు చూసుకుంట ఉండేటోడు. "ఏమైందయ్యా" అంటే "చేతులల్ల బలం లేదే" అనేటోడు. నలభై ఏండ్లు ఇనుము వంచిన చేతులవి!

"వాని మొఖాన పని కొట్టి రావే" అన్నది మార్తమ్మ.

"రాను. నేను ఆడ ఉంటేనే వానికి చేటు" అన్నది జ్యోతి. ఎట్లనో అప్పటికి ఆమెకూ తెల్వదు.

అదును హైదరాబాద్ నుంచి వచ్చింది. నలభై సూపర్ మార్కెట్లున్న కంపెనీ ఒకటి అన్ని షాపులకు ఈ స్టాండ్లూ కవర్లూ తీసుకుంటమని అడిగింది. వాళ్ల మేనేజర్ చంద్రమౌళి సోమవారం చూడ వస్తాండు. సేటు కాలు నేల మీద నిలుస్తలేదు. గోడలకు సున్నం ఏపిచ్చిండు, పనోళ్లకు కొత్త టోపీలు తెప్పిచ్చిండు. శనివారం మిషన్ల మధ్యల తిరుగుకుంట జ్యోతి కాడ ఆగిండు.

"బ్లేడ్లన్ని పాతగున్నయ్. పెద్దోళ్లు వస్తాండ్రు, కోత అద్దం లెక్క ఉండాలె. అన్నిటికి సాన పట్టిద్దామా? ఏమంటవ్?"

ఇన్నేండ్లల్ల సేటు ఆమెను సలహా అడిగింది అదే మొదటిసారి. స్టాండుకు పోయే కట్టల బ్లేడును ఆమె తన చేత్తోటి ఏడుసార్లు రాయి మీద రుద్దుతదని ఆయనకు తెల్వదు. కడ్డీని దొంగిలించినోడు బ్లేడు దిక్కు చూడనే లేదు.

"పట్టియ్యాలె సార్. మస్తు మంచిగుంటది" అన్నది జ్యోతి.

సాన పట్టే కట్టయ్య బ్లేడ్లు విప్పుకుంట జ్యోతి మిషన్ కాడ ఆగిండు. "బిడ్డా, దీన్ని ఎన్నడూ సాన పట్టనియ్యవు గద, ఈ స్టాండు బ్లేడుకు సుతనా?"

"సేటు చెప్పిండు గద కట్టయ్య మామా. వెంట్రుక పెడితే తెగాలె."

సోమవారం చంద్రమౌళి వచ్చిండు. కొబ్బరి నీళ్లు, శాలువ, అన్నీ అయినయి. సేటు కుడి చెయ్యి ఒక్కటే ముందుకు పెట్టి, ఎడమ చెయ్యి వెనుకకు కట్టుకొని కవరు గుంజిండు. కవరు సాఫ్‌గ వచ్చింది. వెనుకది మూతి ముడుచుకొని అట్లనే ఉన్నది. ఇంకోటి గుంజిండు. అదే కథ. నాలుగోదానికి సేటు నుదురంత చెమట.

"నేను చూస్తా" అని చంద్రమౌళి ముందుకొచ్చి, వేలు నాలుకకు అద్దుకొని, రెండు చేతులతోటి నలిపి నలిపి నోరు తెరిచిండు. "సార్, గోడకు మేకు కొట్టి కవర్లు తగిలిస్తే గూడా ఇట్లనే వస్తయ్ గదా. మా షాపులల్ల మేకులున్నయ్."

సేటు మొఖం మాడిపోయింది. అటుఇటు చూసి కేక ఏసిండు. "జ్యోతీ! ఏమైందో చూడు దీనికి!"

అందరూ ఆమె దిక్కు తిరిగిండ్రు. చేతులు కట్టుకొని నిలబడ్డది.

"డిజైన్ మీది గద సార్. మిషన్ తిప్పేదాన్ని, నాకేం ఎరుక?"

అబ్బ, ఆ మాట అంటాంటె ఎంత సల్లగైందో ఆమె కడుపు! నాలుగు నెలల మంట మీద కుండెడు నీళ్లు గుమ్మరించినట్టయ్యింది. చంద్రమౌళి మర్యాదస్తుడు, శుక్రవారం మల్లొస్త, అప్పుడన్న పనిచేస్తే మాట్లాడుకుందం, లేకపోతె ఇంకో కంపెనీ చూసుకుంటం అని కారెక్కిండు.

మంగళవారమంత సేటు కడ్డీలు మార్పిచ్చిండు. కొక్కెం పొడుగు చేపిచ్చిండు, పొట్టి చేపిచ్చిండు. కవరును వెనుకకు ముందుకు తిప్పి చూసిండు. పనోళ్లను బూతులు తిట్టిండు. జ్యోతి బ్లేడు దించుకుంట లేపుకుంట అంత చూసింది, ఒక్క పూటన్న సెలవు పెట్టలే.

బుధవారం పొద్దుగూకే యాళ్లకు సేటు కారు లేబర్ కాలనీకి వచ్చింది. డ్రైవర్ స్టాండును, కవర్ల కట్టను దించి దావీదు వాకిట్ల పెట్టిండు. జ్యోతి గబగబ బయటికొచ్చింది. తండ్రి సంగతి ఆమెకు తెల్వదా? రోగమొచ్చిన పనిముట్టు కనబడితే చెయ్యి పెట్టకుంట ఉండలేడు. చూస్తడు, చూడంగనే తెలుసుకుంటడు, తెలిసినంక దాచుడు ఆయనకు రాదు. తను చేసిందంత ఒక్క నిమిషంల బుగ్గిపాలైతది.

సేటు ఒక్కసారి "తప్పైంది దావీదన్నా" అంటే చాలు, తనే బ్లేడు సంగతి చెప్పేస్తననుకున్నది జ్యోతి. ఒట్టు, అట్లనే అనుకున్నది. ఆ ఒక్క మాట కోసం సేటు నోటి దిక్కే చూస్తాంది.

మార్తమ్మ కుర్చీ ఎయ్యలే. సేటు నిలబడే మాట్లాడిండు.

"ఏం దావీదూ, పని బంద్ పెట్టినవట? మనిషన్నంక గింత సోమరితనమా? జర దీన్ని చూడు. నీ చెయ్యి పడ్డ సామానే గద, ఎక్కడో లూజ్ అయింది."

దావీదు మంచం మీద నుంచి లేచిండు. స్టాండు ముందట మోకాళ్ల మీద కూసున్నడు. కడ్డీలను వేలుతోటి తడిమిండు. ఒక కవరు గుంజిండు, ఇంకోటి గుంజిండు. అంచును వెలుగుకు పెట్టి చూసిండు, బొటన వేలుతోటి రుద్దిండు. ఒక్క క్షణం జ్యోతి కండ్లల్లకు చూసిండు. సంగతి తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. ఇగ అయిపోయిందనుకున్నది.

"సారు, ఈ పలక మీద పేరు ఎవలిది?" అని అడిగిండు దావీదు, చిన్నగనే.

"మల్ల అదే లొల్లా! అది అప్పుడే ఒడిసిన ముచ్చట. నువ్వు పని కానీ, నీకు పది గేట్ల పని ఇప్పిస్త, ఫికర్ చెయ్యకు."

దావీదు తల ఊపిండు. చేతులు దులుపుకొని లేచి, సేటు ముందట వంగి నిలబడ్డడు.

"స్టాండుల లోపం లేదు సారు. కోతల ఉన్నది. అంచు ఇంకా సాఫ్‌గ రావాలె. మొండితనం కొంచెం మిగిలింది. బ్లేడుకు ఇంకో రెండు సాన్లు గట్టిగ పట్టిస్తే శుక్రవారం మీరు వెనుకకు తిరిగి చూసుకునే పని లేదు."

"అదే! నేను ముందే అనుకున్న, బ్లేడే అని!" అని తొడ మీద కొట్టుకున్నడు సేటు. "రేపే పట్టిస్త. జ్యోతీ, జర దగ్గరుండి చూసుకో." స్టాండును కార్ల పెట్టించి, దావీదు భుజం తట్టి ఎల్లిపోయిండు. కారు సందు మలుపు తిరిగేదాక దావీదు చేతులు జోడించే ఉన్నడు.

మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతాంది. జ్యోతికి నవ్వు రాలే. ఎన్నడూ చీమకు హాని చెయ్యని తండ్రి, ఒక్క అబద్ధం నోట్ల పలకని తండ్రి. శనివారం తన కొలువు ఉండదు, ఆ సంగతి ఆమెకు సోమవారమే తెలుసు, దానికి సిద్ధమే. తండ్రి ఇట్ల చేస్తడని మాత్రం ఎన్నడూ అనుకోలే.

"బాపూ, శుక్రవారం సుత ఆగమైతే వానికి అనుమానమొస్తది. నువ్వు కావాల్ననే తప్పు చెప్పినవని తెలుస్తది. ఇంటి మీదికి వస్తడు."

"తెలువనియ్ బిడ్డా. తెలవాల్ననే చెప్పిన." దావీదు పోయి షెడ్డు షట్టర్ గొళ్లెం తీసిండు. నాలుగు నెలల తుప్పు, కిర్రుమన్నది. "వాడు ఆ హైదరాబాద్ ఆయన ముందట మల్లొకసారి కవరు గుంజుతడు. అది నోరు తెరవది. ఎవడు చెప్తే సాన పట్టిచ్చిన అని అప్పుడు ఆలోచన చేస్తడు గద? అప్పుడు వాని నోట్లెకెళ్లి నా పేరొస్తది."