ముగ్గు తడిసిన చోటు

నూనె మరక మీద ఊక బూడిద చల్లి, కొబ్బరి పీచుతో అరిచేతులు మండేదాకా రుద్దితే గాని సిమెంటు గచ్చు దాన్ని వదలదు. దసరా వెళ్లినప్పటి నుంచీ తెల్లారితే ప్రమీలారాణికి అదే పని. ఇంట్లో కారుంది, ఆవిడకేం తక్కువ అని రేపల్లెలో నలుగురూ అనుకుంటారు. కారు ఆమె మొగుడు చలపతిరావుది. కారు కింద కారిన నూనె మాత్రం ఆమెది.

"నీ నీడ పడ్డాకే కదే ఇది మొదలైంది, నువ్వే కడుగు," అంటుంది అత్తగారు వెంకటరత్నమ్మ, మెట్టు మీద నిలబడి.

ఆ నీడ కథ ఏంటంటే, ఆ ఇంట్లో బయట చేరిన ఆడవాళ్లు గొడ్లసావిడి చివర చాప వేసుకుని పడుకోవడం ఆనవాయితీ. చలపతిరావు పొలం కొంత తెగనమ్మి, గొడ్లనీ అమ్మేసి, మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన అంబాసిడరు కొన్నాడు. రేపల్లె నుంచి తెనాలికి టాక్సీ తిప్పుతున్నాడు. గొడ్లు పోయాయి, వాటి చోట కారొచ్చింది, ఆడవాళ్ల చోటు మాత్రం మారలేదు. మధ్యలో ఒక గోనెపట్టా వేలాడదీసి, మైల ఇటు, దేవత అటు అని అత్తగారు తేల్చేసింది. దసరానాడు ప్రమీలారాణి పట్టాకి ఇటు పడుకుని ఉండగా, చలపతిరావు అటు బానెట్టు ఎత్తి, ఇంజనంతా కిరసనాయిలుతో కడిగాడు. ఇంజను పైనుండే మూత, ట్యాపెట్ కవరు అంటారే, దాన్ని విప్పి ఎర్ర రంగు పూసి, ఆరీ ఆరకముందే బిగించి, పసుపూ కుంకుమా పెట్టి పూజ చేశాడు. పండగ వెళ్లిన నాలుగైదు రోజులకి నూనె కారడం మొదలైంది. ఇంకేం, కారణం వెతుక్కోనక్కర్లేకుండా పట్టా వెనకాలే దొరికింది.

భయం ఆమెకి కొత్త కాదు. హారను రెండోసారి మోగేలోగా గేటు తీయాలి. మూడోసారి మోగిందంటే ఆ పూట కంచం నట్టింట్లో పడుతుంది. పదకొండేళ్ల కాపురంలో ఆమె చెవులు ఆ హారను కోసమే పెరిగినట్టయ్యాయి. పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు వినపడకపోయినా, వీధి మలుపులో ఆ ఇంజను చప్పుడు వినపడుతుంది. ఆ వెంటనే చేతిలో పని వదిలేసి గేటు వైపు పరుగెడుతుంది. ఈ మధ్య దానికి తోడు ఇంకో భయం పట్టుకుంది. తెనాలిలో మెకానిక్కు బండి కిందికి తొంగిచూసి, వెనకాల నుంచి కారుతోంది, ఇంజను దింపి విప్పాల్సిందే అన్నాడట. ఆ ఖర్చుకి అమ్మడానికేముందా అని ఇంటికొచ్చిన చలపతిరావు నాలుగు మూలలూ చూశాడు, అతని చూపు వెళ్లి వెళ్లి ఆమె కుట్టుమిషను మీద ఆగింది.

"నాలుగు జాకెట్ల మిషను కోసం బండి పాడుచేసుకుంటామా? బాపట్లలో మనకి తెలిసిన టైలరున్నాడు. శుక్రవారం వచ్చి పట్టుకెళ్తాడు."

నాలుగు జాకెట్లు! సబ్బుబిళ్ల దగ్గర్నుంచి అత్తగారి కళ్లజోడు దాకా ఆ జాకెట్లే కొన్నాయి. బండికి కిందటేడు వేసిన టైర్లూ ఆ జాకెట్లవే. మిషను లేని రోజుల్లో కళ్లు లాగేలా చేతికుట్టు కుట్టి, ఆ కూలి దాచుకుని తను కొనుక్కున్న మిషను అది. ఈ ఇంట్లో ఆమె ఎవర్నీ అడక్కుండా కూర్చోగల చోటు దాని ముందున్న స్టూలు ఒక్కటే. అది పోతే తనకి మిగిలేది గచ్చు కడిగే పీచు. పైకి మాత్రం "సరేనండి," అంది. ఆ మాట తన నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో ఆమెకే అసహ్యం వేసింది.

సోమవారం పొద్దున్నే మళ్లీ బయట చేరింది. చాపా, చెంబూ, కంచం పట్టుకుని సావిడికి వెళ్లింది. మైల మనిషి బండి చుట్టుపక్కల కడగకూడదు కాబట్టి ఆ రోజు మరక కడిగేవాళ్లు లేరు. దాంతో ఒక చిత్రం జరిగింది. రోజూ తుడిచేయడంతో తను ఎన్నడూ చూడని దారి ఆమె కంటపడింది. చుక్కలు బండి మధ్యలో పడుతున్నాయి, నిజమే. కానీ పట్టా పక్కకి తప్పించి, పడుకునే కిందికి తొంగిచూస్తే, ఇంజను వెనక గోడంతా పైనుంచి కిందికి జిడ్డు. కిందనుంచి కారేదైతే పైనెందుకు తడుస్తుంది? ఇంటికప్పు కురిసినప్పుడు నీళ్లు గోడ వెంట దిగి మూలకి చేరతాయి, మూలని తవ్వితే ఏం లాభం?

ఆ ఆలోచన వచ్చాక ఆమెకి కుదురు లేకుండా పోయింది. మధ్యాహ్నం మొగుడు భోంచేసి పడుకున్నాక, అత్తగారి గురక విన్నాక, లేచి బానెట్టు ఎత్తింది. అది కిర్రుమంది. ఇంకోసారి నీ నీడ బండి మీద పడిందో, జుట్టు పట్టుకుని పుట్టింటికి రైలెక్కిస్తానని చెప్పిన మనిషి రెండు గోడల అవతల పడుకుని ఉన్నాడు. పాత చీరపేలికతో ఇంజను పైభాగం, వెనక భాగం పొడిగా తుడిచింది. గూట్లో ముగ్గు ఉన్న చిప్ప ఉంది. దాన్నీ ముట్టుకోకూడదు. తీసుకుంది. పిడికెడు ముగ్గు సన్నగా, మూత అంచు పొడుగునా, వెనకాల కిందిదాకా అద్దింది. కొంత గచ్చు మీద రాలింది.

సాయంత్రం అన్నం పెట్టడానికి వచ్చిన అత్తగారు దూరం నుంచే చూసింది. "అక్కడ ముగ్గేంటే?"

"నూనె పీల్చుకుంటుందని, అత్తయ్యా, పాతది ఇక్కడ పడుంటే చల్లాను." అబద్ధం ఆడుతున్నంతసేపూ ఆమె కళ్లు బానెట్టు మీదే ఉన్నాయి. అత్తగారు గొణుక్కుంటూ వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున ఆవిడే గూట్లో చిప్ప తీసుకుపోయి, అదే ముగ్గుతో గడప ముందు పద్మం వేసింది. ఏమీ కాలేదు. పద్మం చక్కగానే కుదిరింది. చాప మీద కూర్చుని ప్రమీలారాణి దాన్ని చాలాసేపు చూసింది.

మంగళవారం బండి తెనాలి వెళ్లొచ్చింది. మధ్యాహ్నం అతను భోజనానికి లోపలికి వెళ్లగానే ఆమె బానెట్టు ఎత్తేసరికి ఇంజను ఇంకా కాలుతోంది. వేలు చురుక్కుమంది. ముగ్గు అంతటా తెల్లగానే ఉంది, ఒక్కచోట తప్ప. ఎర్ర మూత వెనక మూల దగ్గర బొటనవేలంత తడి. అక్కణ్ణుంచే చార మొదలై వెనకగా కిందికి దిగింది. ఇంజను దింపక్కర్లేదు. ఎక్కడ పట్టు తప్పిందో కళ్లెదుటే ఉంది. ఇది తెలిశాక భయం తగ్గాలి. ఆమెకి రెట్టింపయింది. తెలియనంతకాలం ఏడిస్తే సరిపోయేది. తెలిశాక ఏదో ఒకటి చేయాలి.

ఆ మూడు రోజుల్లో ఆమె చేతికి చెయ్యి తగిలించి మాట్లాడే మనిషి మదార్‌బీ ఒక్కతే. పక్కవీధి మనిషి, జాకెట్లు కుట్టించుకుంటుంది, ఆవిడకి మైల పట్టింపు లేదు. వాళ్ల తమ్ముడు తెనాలిలో బండి సామాన్ల కొట్లో ఉంటాడు. దొడ్డి గుమ్మంలో నిలబడి ప్రమీలారాణి గుసగుసగా అడిగింది.

"కార్కు షీటు ముక్క తెప్పిస్తావా, మదార్‌బీ? నూనె బయటికి రాకుండా మూత కింద వేస్తారే, ప్యాకింగు, దానికి."

"నీకెందుకక్కా ఈ తంటా? మీ ఆయన చూస్తే?"

"చూస్తే చంపుతాడు. చూడకపోతే మిషను పోతుంది."

మదార్‌బీ తలూపి వెళ్లింది. బుధవారం పొద్దున కార్కు షీటు చుట్ట జాకెట్టు గుడ్డలో పెట్టి తెచ్చింది. ఖరీదు రెండు జాకెట్ల కుట్టుకూలి. "నాకు కుట్టి ఇచ్చెయ్, మిషనుంటే," అని వెళ్లింది.

ఆ రోజు చలపతిరావు, సవారీ లేకుండా నూనె కారే బండిని తిప్పడం ఇష్టంలేక, రైలెక్కి బాపట్ల వెళ్లాడు, టైలరుతో బేరం కుదుర్చుకుని బయానా తెచ్చుకోవడానికి. అత్తగారు నడుం వాల్చింది. ప్రమీలారాణి డిక్కీలోంచి స్పానరు తీసింది. ముందు ముగ్గంతా తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది, రేణువు లోపల పడకూడదు. మూతకి పైన రెండే నట్లు. చలపతిరావు ఊపిరి బిగబట్టి బిగించినట్టున్నాడు, అవి ఒకంతట కదల్లేదు. కదిలినప్పుడు చేసిన చప్పుడుకి లోపల మంచం కిర్రుమంది. ఆమె స్పానరు గుండెకి అదుముకుని నిలబడిపోయింది.  అత్తగారు దగ్గి, అటు తిరిగి పడుకుంది.

మూత లేచింది. కింద కార్కు పట్టీ వెనక మూలలో మడతపడి, నలిగి, రెండుగా చీలిపోయి ఉంది. మడత లోపల ఎర్ర రంగు గట్టిగా అంటుకుని ఉంది. దసరా రంగు.  నెల రోజులుగా విన్న తిట్లన్నీ ఆ మడతలో ఉన్నాయి. కోపంతో ఏడుపొచ్చింది, ఏడిస్తే చప్పుడవుతుందని మింగేసింది.

తర్వాతి పని ఆమెకి వచ్చిన పనే. మూతని పాత పేపరు మీద బోర్లించి అదిమితే అంచు జిడ్డుగా అచ్చు పడింది. జాకెట్టు ఆది తీసుకున్నట్టే ఆ అచ్చుని కార్కు మీద పెట్టి, చలపతిరావు గడ్డం గీసుకుని పారేసిన బ్లేడుతో కోసింది. అంచులు శుభ్రంగా తుడిచి, కొత్త పట్టీని మడత లేకుండా పరిచి, మూత పెట్టింది. నట్లు బిగించేటప్పుడు చెయ్యి ఆపుకుంది. దారం మరీ బిగిస్తే బట్ట ముడతపడుతుందని మిషను ఏనాడో నేర్పింది. ఇటు కాస్త, అటు కాస్త తిప్పుతూ, కార్కు పట్టిందనిపించగానే వదిలేసింది. పాత పట్టీని చాప కింద దాచింది.

గురువారం తలస్నానం చేసి లోపలికొచ్చింది. చలపతిరావు మెకానిక్కుకి బండి అప్పగిస్తానని తెనాలి బయల్దేరాడు. అతను వెళ్లేముందు అత్తగారు దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆ పగలంతా ప్రమీలారాణి ఏం వండిందో ఆమెకి తెలియదు. తను బిగించింది ఊడితే? నూనంతా దారిలో పోయి, ఇంజను పట్టేస్తే? బండిలో పసిబిడ్డ తల్లి ఉంటే? ఎంత ధైర్యం నీకు, జాకెట్లు కుట్టుకునేదానివి, అని తన గొంతే అత్తగారి గొంతుతో తిట్టింది. వీధిలో హారను మోగినప్పుడు గేటు తీయడానికి కాళ్లు రాలేదు. రెండోసారి మోగింది. పరుగెత్తింది.

చలపతిరావు నవ్వుతూ దిగాడు. "అమ్మా, చుక్క కారితే ఒట్టు! మెకానిక్కు చూసి, ఇప్పుడేం ముట్టుకోనక్కర్లేదు పొమ్మన్నాడు. అటునుంచి పెళ్లివాళ్లని ఎక్కించుకొచ్చాను."

"నిమ్మకాయ ఊరికే పోతుందా?" అంది వెంకటరత్నమ్మ. "వచ్చే నెల నుంచి బయట చేరితే దీన్ని దొడ్డి చివర గడ్డివాము పక్కన పడుకోబెట్టాలి. బండి ఛాయలకి రాకూడదు."

గడ్డివాము దగ్గర పాములు తిరుగుతాయి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ప్రమీలారాణి అన్నం వడ్డిస్తూ అడిగింది. "బండి బాగైంది కదండీ. మరి మిషను?"

"బయానా పుచ్చుకున్నానుగా. రేపు పట్టుకెళ్తాడు. ఆ డబ్బుతో సీట్లకి కొత్త కవర్లు వేయిద్దాం."

ఆమె గరిటె కింద పెట్టింది. సావిట్లోకి వెళ్లి, చాప కింది పట్టీ తెచ్చి, అతని కంచం పక్కన పెట్టింది.

"ఏంటిది?"

"దసరానాడు మీరు మడతపెట్టి బిగించిన ప్యాకింగండి. మీ ఎర్ర రంగు అంటుకునే ఉంది, చూడండి. నేనే విప్పి, కొత్తది కోసి వేశాను. మీరు బాపట్ల వెళ్లిన మధ్యాహ్నం."

అత్తగారి చెయ్యి నోటికి వెళ్లింది. "నిన్నా? నిన్న నువ్వు బయట..."

"అవునత్తయ్యా. బయటే ఉన్నాను."

చలపతిరావు చెయ్యి లేచింది. లేచి, అక్కడే ఆగింది. వీధివైపు కిటికీ తెరిచి ఉందేమోనని చూశాడు. "పెళ్లివాళ్లు ఎక్కారే అందులో, తెలిస్తే ఇంకెవరెక్కుతారు," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరికైనా చెప్పావా?" పదకొండేళ్లలో మొదటిసారి ఆ గొంతులో తనకి బాగా తెలిసినదేదో ఆమెకి వినపడింది. అతను భయపడుతున్నాడు. తన భయమూ ఎక్కడికీ పోలేదు. వెళ్లి స్టూలు మీద కూర్చుని మిషను చక్రం మీద చెయ్యి వేసింది.

"బయానా తిరిగిచ్చేయండి, మిషను గుమ్మం దాటదు. ఇక బండి సంగతి. మైలపడిందంటారా, రేపే అమ్మేయండి. పడలేదంటారా, వచ్చే నెల నేను ఇక్కడే, లోపలే పడుకుంటాను."