దీపం ముందు దాచిన మాట

కోంటా బజారులో శ్రీరంగం కిరాణా దుకాణం ముందు జనం చేరారంటే సరుకుల కోసం కొందరు, కోతల కోసం ఇంకొందరు. తర్రెం అడివి దోమలు మేకను ఎత్తుకుపోయి, పాలు పితుక్కుని, తెల్లారేసరికి మళ్ళీ తెచ్చి గుంజకు కట్టేశాయని కళ్ళార్పకుండా చెప్పిన ఘనుడతను. అతని మాటల్లో ఏది నిజమో ఏది కోతో తేల్చుకోవడానికి ఊళ్ళో ఒకటే దారి. అతని భార్య అన్నపూర్ణమ్మ మర్నాడు పొద్దున దీపం ముందు ఏం చెప్పిందో కనుక్కోవడం.

ఆమెకు మంత్రాలు రావు. స్నానం చేసి, గోడగూట్లో ఉన్న భద్రాద్రి రాముడి పటం ముందు ఇప్పనూనె దీపం వెలిగించి, ఒక పువ్వు పెట్టి, మొగుడి పాపాలు దేవుడికి ఒప్పజెప్పేది.

"సామీ, నిన్న మా ఆయన దోమలు మేకను ఎత్తుకపోయినయన్నడు. ఉత్తదే. మనసుల పెట్టుకోకు."

అదే పూజ. ఆమె చెప్పినవి అబద్ధాలు, చెప్పకుండా వదిలేసినవి నిజాలు. శబరి వరదలో మొసలి దుకాణం మెట్లెక్కిందని శ్రీరంగం అన్నప్పుడు అందరూ నవ్విపోయారు. మర్నాడు దీపం ముందు అమ్మ ఆ ఊసే ఎత్తలేదని, గిన్నెలు తోమే సోమ్లీ బయటికొచ్చి చెప్పాక, బజారు బజారంతా ఆ మెట్లు చూడ్డానికి కదిలొచ్చింది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, చింతపండు ఎండబోస్తూ అన్నపూర్ణమ్మ కూలబడింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, అన్నీ ఒక్క దెబ్బకే పోయాయి. దేవుడి గూటికి ఎదురుగా మంచం వేశారు. ఆమె గూట్లోకి చూసేది. గూడు చీకటిగా ఉండేది. సోమ్లీ గంజి చెంచా నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించి గోడవైపు మొహం తిప్పుకునేది. ఊరందరికీ అన్నం పెట్టిన మనిషి అలా తిండి మీద అలిగితే ఎన్నాళ్ళుంటుంది?

శ్రీరంగం దేవుడి జోలికి పోయిన మనిషి కాదు. అయినా ఒక పొద్దున తలస్నానం చేసి వచ్చి గూటి ముందు నిలబడ్డాడు. వత్తి చెయ్యడం రాక తువాలు అంచు చింపి మెలిపెట్టాడు. అది వెలుగు కన్నా పొగే ఎక్కువిచ్చింది. పెరట్లో పువ్వు లేక మోదుగుపువ్వు తెచ్చి పెట్టాడు. చేతులు జోడించాక ఏమనాలో తోచలేదు. గొంతు సవరించుకుని ఆమె మాటలే ఎత్తుకున్నాడు.

"సామీ, నిన్న దుకాణానికొచ్చిన ముయాతోని ఒక మాటన్న. చింతలనారు అడివిల ఇప్పపువ్వు తిన్న ఎలుగ్గొడ్డు, పొద్దున్నే నా దుకాణానికొచ్చి, తల పగిలిపోతాంది సావుకారూ, ఒక నిమ్మకాయ ఇయ్యుమని అడిగిందన్న. ఉత్తదే. మనసుల పెట్టుకోకు."

వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే అన్నపూర్ణమ్మ మూతి ఎడమవైపు వంకర పోయి ఉంది. కాపురానికి వచ్చిన నాటినుంచీ అతని కోతలకు విరుస్తూ వచ్చిన మూతే, సగం మిగిలింది. సోమ్లీ ఆలస్యం చెయ్యకుండా చెంచా అందించింది. ఆమె మింగింది.

"రోజు ఇట్లనే చెప్పు సావుకారూ," అంది సోమ్లీ. "నువ్వు అబద్ధమాడితెనే అమ్మ తింటది."

ఆనాటినుంచి ఆ ఇంట్లో పొద్దు అలాగే పొడిచేది. దీపం, పువ్వు, నిన్నటి కోతలు, ఆపైన గంజి. వత్తులు చెయ్యడం కూడా చేతికొచ్చింది. కోతలు కరువైతే గంజి కరువని, ఉప్పు కోసం వచ్చినవాణ్ణి కూడా ఆపి మరీ చెప్పేవాడు.

"ఏంది సావుకారూ," అన్నాడు ముయా ఒకరోజు. "ఇంట్ల అమ్మ అట్ల పడుంటె నీకీ నవ్వులాట ఏంది?"

"నువ్వు విను, అంతే. నమ్ముమని అన్ననా?"

ఒంట్లో కాస్త సత్తువ చేరిందని ఆశపడి, ఆమెను చింతపండు లారీలో జగదల్‌పూర్ తీసుకుపోయాడు. డాక్టరు చూసి, అతన్ని వరండాలోకి పిలిచి, హిందీలో మెల్లగా చెప్పాడు. ఇక లేవదు. ఈ దెబ్బ మళ్ళీ తగులుతుంది, తగిలితే మనిషి దక్కదు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

తిరుగుదారిలో తోంగ్‌పాల్ దగ్గర డ్రైవరు టీకి దిగాడు. లారీలో పరుపు మీదున్న అన్నపూర్ణమ్మ ఎడమచేత్తో మొగుడి చొక్కా పట్టుకుంది. డాక్టరు ఏమన్నాడని ఆ కళ్ళు అడుగుతున్నాయి.

"ఏమంటడే? వానలు పడేటాళ్ళకు నడుస్తవన్నడు. నీళ్ళబిందె ఇగ నువ్వే మొయ్యాలె. నా నడుం బతికింది."

ఆమె మూతి విరవలేదు, తలా ఊపలేదు. మొగుడి మాటను మొగుడి నోట వినగానే నమ్మడం ఆ ఇంటి ఆనవాయితీ కాదు. తెల్లారనీ, దీపం దగ్గర తేలుతుందన్నట్టు చొక్కా వదిలి కళ్ళు మూసుకుంది. రేపు ఆ దీపం ముందు నిలబడాల్సింది తనేనని శ్రీరంగానికి అప్పుడు గుర్తొచ్చింది.

ఇల్లు చేరాక ఎదురొచ్చిన సోమ్లీకీ ఆ మాటే చెప్పాడు. మర్నాడు దీపం ఏనాడూ వెలగనంత చక్కగా వెలిగింది.

"సామీ, నిన్న డ్రైవరుతోని, దర్భా ఘాటీల ఆగిపోయిన లారీని నా మీసాలకు కట్టి గుంజిన అన్న. ఉత్తదే. అస్పత్రి కాడ కాపలావానితోని, మా కోంటా ఎండకు కోళ్ళు ఉడికిన గుడ్లే పెడ్తయన్న. అదీ ఉత్తదే."

ఆగాడు. వెనక మంచం మీద ఊపిరి కూడా ఆగినట్టుంది. చెబితే ఆ పళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయి. చెప్పకపోతే ఆ గూటి ముందు దాచిన మొదటి అబద్ధం ఇదే అవుతుంది. ఆమె ఒక్కదాన్నీ దాచి ఎరగదు.

"అంతే సామీ. నిన్న ఇవే."

తిరిగి చూసేసరికి అన్నపూర్ణమ్మ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. సగం మొహం నవ్వుతోంది. ఎడమచేత్తో చెంచా తనే అందుకుంది. గిన్నె ఖాళీ చేసింది. అప్పటికే సోమ్లీ గుమ్మం దాటింది. పొద్దెక్కేసరికి బజారంతా తెలిసిపోయింది, అమ్మ నడుస్తుందట, డాక్టరు మాటను సావుకారి దీపం కాడ ఉత్తదే అనలేదట.

ముయా కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. "ఈసారి నమ్మిన సావుకారూ," అన్నాడు.

శ్రీరంగం కాయ అందుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత అతనికి కోతలు పుట్టలేదు. దుకాణం ముందు జనం కాసేపు కూర్చుని లేచిపోయేవారు. దీపం మాత్రం ఏ పొద్దూ తప్పలేదు.

"సామీ, నిన్న నేనేం అబద్ధమాడలే," అనేవాడు.

వెనక, మంచం అంచున, అన్నపూర్ణమ్మ ఎడమచేత్తో కుడికాలు ఎత్తి నేల మీద నిలబెట్టుకునేది. అది జారిపోయేది. మళ్ళీ ఎత్తుకునేది. దీపం వైపే చూస్తూ శ్రీరంగం ఆ చప్పుడు వినేవాడు.