రాతి తొట్టికి ఊక గోడ

మైసయ్యకు ముందు రాయి, తర్వాతే దేవుడు. పానగల్లు పక్కన ముప్పై ఏళ్లు బండలు కొట్టి బతికినవాడు. ఇంట్లో రోలు, స్నానం చేసే జాలాట్లో బండ సరే, చివరికి కోళ్ల గూడు కూడా రాతితోనే కట్టాడు. అలాంటివాడికి పంతొమ్మిది వందల ఎనభై ఏడులో నడుము పట్టేస్తే ఏం చేస్తాడు? తోటివాళ్లను పిలిచి, నాలుగు బండలు నిలబెట్టించి, సందులకు సిమెంటు పూయించి రాతి తొట్టి కట్టించుకున్నాడు.

నల్లగొండ దవాఖానలో డాక్టరు చెప్పిన మాట అది. "బోరు నీళ్లల్ల ఫ్లోరైడుతోని ఒంట్ల బొక్కలు బిగుసుకుపోయినయి. దీనికి మందు లేదు. రోజూ నడుం దాకా వేడినీళ్లల్ల అరగంట కూసో, జర వంగుతవు" అన్నాడు. డాక్టరుకేం, చెప్పి చేతులు దులుపుకున్నాడు. నీళ్లు కాగబెట్టేది ఎవరు? పెళ్లాం సైదమ్మ.

ఆ తొట్టి తొట్టి కాదు, రాకాసి! సలసలా కాగిన నీళ్లు మూడు కాగులు పోస్తే, మైసయ్య ఒక కాలు పెట్టేలోపు గోరువెచ్చన, రెండో కాలు పెట్టేసరికి చల్లన. వేడంతా బండలే తాగి బయటి గాలికి వదిలేసేవి. "ఇంకో కాగు పొయ్యి" అనేవాడు. ఆ ఇంకో కాగు కోసం సైదమ్మ గుట్ట మీద సర్కారు తుమ్మ నరకాలి, ముళ్లు గుచ్చుకోవాలి, మోపు నెత్తిన పెట్టుకుని రెండు మైళ్లు నడవాలి. ఆ బోరు నీళ్లు ఆమె కూడా తాగింది. ఆమె నడుమేమన్నా ఇనుముతో చేసిందా? అడిగినవాళ్లు లేరు, ఆమె చెప్పుకున్నదీ లేదు.

మాఘం సగమయ్యేసరికి గుట్ట మీద కట్టె కరువైంది.

"ఇగ నాతోని కాదు" అంది.

"బంద్ చేద్దాం తియ్యి" అన్నాడు మైసయ్య. అన్నాడు గానీ ముఖం మాడిపోయింది. నీళ్లు వేడిగా ఉన్న రోజు తన చెప్పులు తనే తొడుక్కునేవాడు మరి. లేని రోజు పసిపిల్లాడిలా కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. సైదమ్మే వంగి ఆ చెప్పులు తొడిగేది.

శివరాత్రి జాతరలో చోటే మియా ఐసు బండి పెట్టాడు. అతని భార్య జాహేదా ఊక బస్తాలో చేయి దూర్చి మంచుగడ్డ బయటికి తీసింది.

"పొద్దుగాల తెచ్చిన గడ్డ ఇంక కరగలేదా?" అని సైదమ్మ నోరు తెరిచింది.

"ఊకల ఉంటె ఎట్ల కరుగుతది అక్కా? బయటి వేడి లోపటికి రాదు."

బయటి వేడి లోపలికి రాకుంటే, లోపలి వేడి మాత్రం బయటికి ఎలా పోతుంది? సైదమ్మ అలాగే నిలబడిపోయింది. చేతిలో ఐసు కరిగి మోచేతి దాకా కారింది.

మర్నాడే బియ్యం మిల్లు వెనక పడేసిన ఊక ఆరు బస్తాలు మోసుకొచ్చింది. తొట్టి చుట్టూ జానెడు ఎడంగా మట్టిగోడ లేపి, ఆ సందులో ఊక కూరింది. మూతకు గోనెసంచుల్లో ఊక నింపి బొంతలా కుట్టింది. మైసయ్య గొంతు లేచింది.

"బంగారమసొంటి బండలకు మట్టి మెత్తుతవా? నలుగురు సూస్తె నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నడుమే వంగకపాయె, ఇజ్జత్ ఎవనికి గావాలె? జరుగు!"

గోడ ఆరాక రెండు కాగులే పోసింది. మైసయ్యను కూర్చోబెట్టి మెడ దాకా బొంత కప్పింది. అరగంట గడిచింది. నుదుట చెమట పట్టింది కానీ ఇంకో కాగు మాటే ఎత్తలేదు. ఎవరి చేయీ పట్టుకోకుండా లేచి వచ్చి, వంగి నీళ్లలో చేయి పెట్టాడు.

"ఇంక వేడిగనే ఉన్నయి."

"ఉండనీ, బోళ్లు తోముకుంట."

"బోళ్లకెందుకు? నువ్వు కూసో."

"నాకేమైంది?"

"మోపు దించేటప్పుడు నీ మొఖం నేను సూడలేదనుకున్నవా?"

సైదమ్మకు ఒళ్లు మండింది. "సూస్తె ఇన్నొద్దులు అడగవేంది?"

మైసయ్య తల దించుకున్నాడు. "అడిగితె నీకు ఇంకో కాగు పెట్టాలె గద. దానికి కట్టెలు మల్ల నువ్వే తేవాలె."

తొట్టి ముందరి తడిక మూసి, దానికి అడ్డంగా బయట నిలబడ్డాడు. సైదమ్మ నీళ్లలోకి దిగింది. వేడి నడుముకు తగిలేసరికి ఏడుపు తన్నుకొచ్చింది, ఆ వెంటే నవ్వొచ్చింది.

కాసేపటికి తడిక అవతల నుంచి గొంతు వినబడింది. "అయిందా?"

"కాలే. సల్లబడ్డంక లేస్త" అంది సైదమ్మ. బొంతను మెడ దాకా లాక్కుంది.